ఎండగానే ఉంది... మరి బోటు ఎందుకు కదల్లేదు?

ఆగస్టులో ఒక ఆదివారం, పొద్దున పదకొండు. బెజవాడ ఎండ సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు కదా, వానాకాలంలో కూడా ఒక్కోసారి మే నెలను గుర్తు చేస్తుంది. ఆకాశంలో మబ్బు తునక లేదు. గుడివాడ నుంచి మా పిన్ని, ఆవిడ కొడుకు చిన్నూ, వాడి ఇద్దరు ఫ్రెండ్సు పొద్దున్నే బస్సెక్కి వచ్చారు. ప్లాను భవానీ ఐలాండ్. చిన్నూ చేతిలో ట్రైపాడ్, పిన్ని చేతిలో నాలుగు గిన్నెల స్టీలు క్యారియర్.

భవానీపురంలో బెర్మ్ పార్కు దగ్గర ఆటో దిగాం. ఎదురుగా బోర్డు. వరద కారణంగా బోటింగ్ ఆపేశాం అని.

"వరదేంటి అన్నయ్యా? చుక్క వాన లేదు!" అన్నాడు చిన్నూ.

నిజమే, మాకు వాన లేదు. కానీ నది వైపు చూస్తే నీళ్ళు ఎర్రగా ఉన్నాయి. గుర్రపుడెక్క గుంపులు గుంపులుగా బ్యారేజీ వైపు పరిగెడుతోంది. "పైనుంచి వదిలారు బాబూ, ఇవాళ కుదరదు" అన్నాడు అక్కడున్న పెద్దాయన. మర్యాదగానే చెప్పాడు. రోజుకి వందమందికి చెబుతుంటాడు పాపం.

మేం దిగాలుగా ఒడ్డు వెంట కాస్త దూరం నడిచాం. ఒకతను దగ్గరికొచ్చి గొంతు తగ్గించి, "మా పడవలో తిప్పుతా, మనిషికి మూడొందలు ఇవ్వండి, పావుగంటలో వచ్చేద్దాం" అన్నాడు. చిన్నూ కళ్ళు వెలిగాయి. నిజం చెప్పొద్దూ, నా చెయ్యి కూడా ఫోన్‌పే వైపు వెళ్ళింది. అంత దూరం నుంచి వచ్చారు, ఉత్త చేతులతో ఎలా పంపాలి?

పిన్ని ఒక్కటే మాట అంది. "ఒరే అబ్బాయ్, ఆ కార్తీక ఆదివారం మర్చిపోయావా?"

చెయ్యి వెనక్కొచ్చింది.

ఈ వారం కాలమ్ ఆ చెయ్యి గురించే. పార్కుకో, దీవికో, రైడ్‌కో వెళ్ళినప్పుడు మనల్ని చిరాకు పెట్టేవి మూడు. వాతావరణం బాలేదని మూసేయడం, జనం ఎక్కువయ్యారని ఆపేయడం, బయటి తిండి తీసుకురావద్దనడం. మూడూ మన జేబుకో సరదాకో అడ్డం వచ్చేవే. కానీ మూడింటి వెనకా ఒక లెక్క ఉంటుంది. ఆ లెక్క తెలిస్తే ఎక్కడ నోరు మూసుకోవాలో, ఎక్కడ గట్టిగా అడగాలో తెలుస్తుంది.

మహాబలేశ్వర్‌లో వాన, బెజవాడలో బంద్

హైదరాబాద్‌లో వండర్‌లా లాంటి పార్కులో వాన సమస్య అంటే ఆ పార్కు మీద కురిసే వాన. ఉరుములు మెరుపులు వస్తే ఎత్తైన రైడ్లు ఆపుతారు, తగ్గాక మళ్ళీ తిప్పుతారు. తల ఎత్తి చూస్తే మనకే అర్థమైపోతుంది. మన భవానీ ఐలాండ్ లెక్క వేరు. 133 ఎకరాల ఆ దీవి ఉన్నది ప్రకాశం బ్యారేజీకి ఎగువన, కృష్ణ నీళ్ళు నిలబడే చోట. ఇక్కడ బోటు నడవాలా వద్దా అన్నది మన ఆకాశం చెప్పదు. మహారాష్ట్ర, కర్ణాటకల ఆకాశం చెబుతుంది.

మహాబలేశ్వర్ కొండల్లో పుట్టిన కృష్ణ ఆల్మట్టి, నారాయణపూర్, జూరాల, శ్రీశైలం, నాగార్జునసాగర్, పులిచింతల దాటి మన దగ్గరికొస్తుంది. పైవన్నీ నిండేదాకా మనకి వరద తెలియదు. అవి నిండాక ఒకదాని వెనక ఒకటి గేట్లు ఎత్తుకుంటూ వస్తారు. మధ్యలో మున్నేరు, వైరా, కట్టలేరు లాంటి వాగులు, ఏర్లు కూడా వచ్చి కలుస్తాయి.

మరి బ్యారేజీలో ఆపుకోవచ్చుగా అంటారేమో. ఇక్కడే లెక్క ఉంది. 1957లో పూర్తయిన ప్రకాశం బ్యారేజీకి 70 గేట్లున్నా, నిలవ ఉండేది 3 టీఎంసీల పైచిలుకు మాత్రమే. నాగార్జునసాగర్ ఇప్పటి లెక్క ప్రకారం 312 టీఎంసీలు. అంటే సాగర్ పెద్ద సంపు అయితే మనది బాత్రూమ్‌లో బకెట్. పైనుంచి 4 లక్షల క్యూసెక్కులు వస్తుంటే, ఖాళీ బకెట్ అయినా రెండు గంటల చిల్లరలో నిండిపోతుంది. అందుకే వచ్చింది వచ్చినట్టు కిందికి వదలడం తప్ప వేరే దారి లేదు. గేట్లు ఎత్తగానే చెరువులా ఉన్న నీరు నది అయిపోతుంది. ఆ లాగుడంతా బ్యారేజీ వైపే. ఇంజను ఆగిపోయిన బోటు ఎటు పోతుందో ఇక చెప్పక్కర్లేదు.

న్యూస్‌లో మనం వినే "మొదటి ప్రమాద హెచ్చరిక" 3.97 లక్షల క్యూసెక్కుల దగ్గర ఇస్తారు. రెండోది 5.69 లక్షల దగ్గర. 2024 సెప్టెంబర్ 2న బ్యారేజీ నుంచి వెళ్ళింది 11.43 లక్షల క్యూసెక్కులు. ఒక క్యూసెక్ అంటే సెకనుకి 28 లీటర్ల పైమాటే. మనం ఇంటికి తెప్పించుకునే 20 లీటర్ల వాటర్ క్యాన్లతో కొలిస్తే, సెకనుకి 16 లక్షల క్యాన్లు! ఆ ముందు రోజే బుడమేరు సింగ్‌నగర్ వైపు జనాన్ని ముంచేసింది. ఇటు కృష్ణ భవానీ ఐలాండ్‌ని ముంచింది. ఎగువ నుంచి కొట్టుకొచ్చిన భారీ బోట్లు బ్యారేజీ గేట్లకు గుద్దుకుని కౌంటర్ వెయిట్లు దెబ్బతిన్నాయి. ఖాళీ బోటు పరిస్థితే అది. ఇక మనుషులున్న బోటయితే?

నది తగ్గినా దీవి వెంటనే తెరుచుకోదు. బురద ఎత్తాలి, జెట్టీలు చూసుకోవాలి, కరెంటు లైన్లు సరిచేయాలి, పాముల్ని పంపించాలి. 2019 ఆగస్టులోనూ ఇదే జరిగింది. కాబట్టి "నిన్నే నీళ్ళు తగ్గాయిగా, ఇవాళ ఎందుకు తెరవలేదు" అన్న ప్రశ్నకి సమాధానం ఆ బురద.

ఇందులో మనకి కలిసొచ్చేది కూడా ఒకటుంది. మెరుపు చెప్పి రాదు గానీ కృష్ణ వరద చెప్పే వస్తుంది. సాగర్ గేట్లు ఎత్తారన్న వార్త నీళ్ళకంటే చాలా ముందే మన ఫోన్‌కి చేరుతుంది. రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ వాళ్ళు బ్యారేజీ ఇన్‌ఫ్లో, అవుట్‌ఫ్లో అంకెలు సోషల్ మీడియాలో పెడుతూనే ఉంటారు. నేను ఆ ఉదయం రీల్స్ చూసిన టైములో పదో వంతు వీటికి ఇచ్చి ఉంటే, పిన్ని వాళ్ళకి బస్సు ఛార్జీలు మిగిలేవి.

"ఇంకో ఇద్దరే కదా"

పిన్ని గుర్తు చేసిన కార్తీక ఆదివారం 2017 నవంబర్ 12. సాయంత్రం పవిత్ర సంగమం దగ్గర హారతి చూద్దామని బయల్దేరిన బోటు ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర బోల్తా పడింది. 20 మందికి పైగా చనిపోయారు. వాళ్ళలో ఎక్కువమంది ఒంగోలు నుంచి సరదాగా వచ్చినవాళ్ళు. అనుమతి లేని ప్రైవేటు బోటు. పరిమితికి మించి జనం. లైఫ్ జాకెట్లు లేవు. రెండేళ్ళ తర్వాత 2019 సెప్టెంబర్ 15న, అదీ ఆదివారమే, వరద మీదున్న గోదావరిలో కచ్చులూరు దగ్గర బోటు మునిగి 40 మందికి పైగా పోయారు.

రెండూ ఆదివారాలే కావడం కాకతాళీయం అని నేను అనుకోను. సెలవు రోజు జనం ఎక్కువ, టైము తక్కువ, అందరికీ అదే గంటలో అదే బోటు కావాలి. "ఇంకో ఇద్దరే కదా, సర్దుకుందాం" అన్న మాట పుట్టేది అక్కడే. ఆ మాట బోటు వాడు ఒక్కడే అనడు, మనమూ అంటాం. ఆ ప్రమాదాల తర్వాత 2020లో రాష్ట్రంలో బోటింగ్ జరిగే చోట్ల తొమ్మిది కంట్రోల్ రూములు పెట్టారు. వాటిలో ఒకటి మన బెర్మ్ పార్కుకి వచ్చింది. ఆ రోజు మాకు అడ్డం వచ్చిన బోర్డు వెనక ఉన్న కథ ఇంత.

పెద్ద థీమ్ పార్కులకి జనాన్ని లెక్కపెట్టడమే అసలు వ్యాపారం. ఉదాహరణకి ఒక రైడ్‌లో 24 సీట్లు, ఎక్కించి తిప్పి దించడానికి మూడు నిమిషాలు అనుకోండి. గంటకి 20 ట్రిప్పులు, 480 మంది. క్యూలో వెయ్యి మంది ఉంటే చివరివాడికి రెండు గంటలు. ఎంత పెద్ద స్పీకర్‌లో "త్వరగా కదలండి" అని అరిచినా ఈ లెక్క మారదు. అందుకే ఆన్‌లైన్‌లో ముందే బుక్ చేసుకోమంటారు, వీకెండ్ రేటు పెంచి మంగళవారం రమ్మంటారు. ఇది మనకి కొత్తేం కాదు, తిరుమలలో టైమ్ స్లాట్ టోకెన్ చేసేదీ అదే పని. లైన్‌లో నిలబడే టైముని గదిలోనో ఊళ్ళోనో గడపమనడం.

దీవికి వచ్చేసరికి లెక్క ఇంకో మలుపు తిరుగుతుంది. మామూలు పార్కులో జనం ఎక్కువైతే గేట్లన్నీ తీసేస్తే చాలు. దీవికి బోటే గేటు. ఊరికే లెక్క కోసం, 40 సీట్ల బోట్లు ఐదు, పోయి రావడానికి అరగంట అనుకుందాం. గంటకి 400 మందిని తేగలవు. పొద్దున పది నుంచి మధ్యాహ్నం మూడు దాకా ఎడతెగకుండా దింపితే దీవి మీద 2,000 మంది. వాళ్ళంతా వెళ్ళేటప్పుడు ఒకేసారి వెళ్ళరు కదా, రోజంతా మెల్లిగా దిగారు. తిరిగొచ్చేటప్పుడు మాత్రం పొద్దు వాలగానే అందరికీ ఒకేసారి ఇల్లు గుర్తొస్తుంది. ఐదింటికి మొదలుపెడితే చివరి బోటు ఒడ్డుకి చేరేసరికి రాత్రి పది!

చీకటి, ఏడ్చే పిల్లలు, నస పెట్టే పెద్దలు. ఇదిగో ఇలాంటప్పుడే "ఇంకో ఇద్దరే కదా" అంటాం. అందుకని ఎంతమందిని దీవి మీదికి పంపాలి అన్నది దీవి వైశాల్యం చూసి తేల్చే విషయం కాదు. సాయంత్రం వెలుతురు ఉండగా ఎంతమందిని వెనక్కి తేగలం అన్నదాన్ని బట్టి తేల్చాలి. మధ్యాహ్నం రెండింటికి "ఇక టికెట్లు లేవు" అని బోర్డు పెడితే తిట్టుకోకండి. పెట్టకపోతేనే భయపడండి.

క్యారియర్ కథ

ఇక తిండి. ఆ రోజు మేం ఘాట్ మెట్ల మీదే కూర్చుని క్యారియర్ విప్పాం. పులిహోర, దద్దోజనం, చల్ల మిరపకాయలు. చిన్నూ మూతి ముడుచుకునే ముద్ద మీద ముద్ద లాగించాడు. అప్పుడు నాకు ఇంకో రోజు గుర్తొచ్చింది. హైదరాబాద్ శివార్లలో ఒక వాటర్ పార్కు, పేరెందుకు లెండి. ఇదే క్యారియర్‌ని గేటు దగ్గర పెట్టించారు. లోపల ఫ్రైడ్ రైస్ రేటు చూసి పిన్ని, "ఈ డబ్బుతో ఇంట్లో నలుగురం వారం తింటాంరా" అంది. సాయంత్రం బయటికొచ్చేసరికి పులిహోర పాసిపోయింది. రైడ్లన్నీ మర్చిపోయింది గానీ, ఆ పులిహోర పారబోసిన సంగతి ఇప్పటికీ చెబుతుంది.

బయటి తిండి వద్దనడానికి పార్కులు చెప్పే కారణాల్లో కొన్ని నిజమైనవే. పూల్‌లో అన్నం మెతుకులు తేలితే నీళ్ళు పాడవుతాయి. గాజు సీసా పగిలితే ఉత్త కాళ్ళతో తిరిగేవాళ్ళకి ప్రమాదం. కోతులు, చీమలు, చెత్త. సరే. కానీ అసలు కారణం అందరికీ తెలుసు. టికెట్ ఒకసారి కొంటాం, ఆకలి రోజంతా వేస్తుంది. ఫ్లోరిడాలోని డిస్నీ వరల్డ్‌లో గాజు సీసాలు, మందు లాంటివి తప్ప ఇంటి తిండి తెచ్చుకోనిస్తారు. అమెరికాలోనే ఇండియానాలో హాలిడే వరల్డ్ అనే పార్కు 2000 నుంచి కూల్‌డ్రింకులు ఎంత తాగినా ఫ్రీగానే ఇస్తోంది. అవేమీ మూతపడలేదు.

మన చట్టం ఏమంటోంది? బెజవాడకి ఇందులో ఒక చరిత్ర ఉంది. 2018 ఆగస్టులో ఇక్కడి వినియోగదారుల ఫోరం, మల్టీప్లెక్సుల్లో బయటి తిండి, నీళ్ళు అనుమతించాలని తీర్పిచ్చింది. తర్వాత 2023 జనవరి 3న సుప్రీంకోర్టు, సినిమా హాళ్ళ విషయంలో, బయటి తిండి వద్దనే హక్కు యజమానికి ఉందంది. అయితే మంచినీళ్ళు ఉచితంగా ఇవ్వాలి, పసిపిల్లల తిండిని ఆపకూడదు అన్నది కూడా ఆ కేసులో గట్టిగా నిలిచింది. అది హాళ్ళ గురించి చెప్పిన తీర్పే గానీ, ఎక్కడైనా మనం అడగాల్సినవి ఆ రెండే. నీళ్ళ కుళాయి ఎక్కడ? పాపకి పాలు లోపలికి తీసుకెళ్ళొచ్చా? టికెట్ కొనకముందే అడగండి. పెద్దవాళ్ళకి షుగర్ ఉంటే ఆ సంగతీ అప్పుడే చెప్పండి. స్టాల్‌లో సీల్డ్ బాటిల్ మీద ఎమ్మార్పీ కన్నా ఎక్కువ అడిగితే బిల్లు ఇమ్మనండి. ఆ మాట వినగానే రేటు తగ్గిపోవడం నేను కళ్ళారా చూశాను. తగ్గకపోతే 1915 ఉంది, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. తెలుగులోనూ మాట్లాడొచ్చు.

ఒక్క రోజు, మూడు పరీక్షలు

మూసివేత, జనం, తిండి మూడూ ఒకేసారి మీద పడితే ఏమవుతుందో ప్రపంచం ఒకసారి చూసింది. 2011 మార్చి 11న జపాన్‌లో పెద్ద భూకంపం వచ్చింది. ఆ టైముకి టోక్యో డిస్నీల్యాండ్, పక్కనే ఉన్న డిస్నీసీ రెండింట్లో కలిపి 70 వేల మంది దాకా ఉన్నారు. రైళ్ళు ఆగిపోయాయి. చలి, పైగా చినుకులు. దాదాపు 20 వేల మంది రాత్రంతా అక్కడే ఉండిపోయారు. సిబ్బంది షాపుల్లో అమ్మే బొమ్మలు తెచ్చి తల మీద పెట్టుకోమన్నారు. అమ్మకానికి ఉంచిన చాక్లెట్లు, బిస్కట్లు ఊరికే పంచారు. చలికి ప్లాస్టిక్ సంచులు, అట్టపెట్టెలు ఇచ్చారు. ఎవరి ఆర్డరు కోసమూ ఆగలేదు. ముందే ఎన్నోసార్లు ప్రాక్టీసు చేశారు కాబట్టి కింది ఉద్యోగికి కూడా ఏం చేయాలో తెలుసు.

దీన్నిబట్టి నాకు అర్థమైంది ఇదీ. ఎండ కాసే రోజు పార్కు ఎంత బావుందో చెప్పడానికి రీల్స్ చాలు. మంచి పార్కా కాదా అన్నది తేలేది మాత్రం మూసేసే రోజు. ముందే చెప్పారా? టికెట్ డబ్బు వెనక్కిస్తారా, ఇంకో రోజు రమ్మంటారా? చిక్కుకుపోతే నీళ్ళు, తిండి ఎవరిస్తారు? ఆన్‌లైన్‌లో బుక్ చేసేటప్పుడు ఎవరూ చదవని చిన్న అక్షరాల్లో ఉండేది ఇదే. రెండు నిమిషాలు పెట్టి చదవండి. టికెట్‌లో 18 శాతం జీఎస్టీ కూడా కడుతున్నాం మరి.

మన నదికి కావాల్సింది అంతకన్నా చిన్నది. బోటింగ్ జరిగే ప్రతి చోటా పొద్దున ఏడింటికల్లా ఒక పోస్టు. ఇవాళ బోటు ఉందా లేదా, ఉంటే ఎన్ని టికెట్లు, తిరిగొచ్చే చివరి బోటు ఎన్నింటికి. మూడు లైన్లు. బందరు నుంచి, గుడివాడ నుంచి, నూజివీడు నుంచి బస్సెక్కేవాళ్ళు ఎక్కకముందే చూసుకుంటారు. ఒడ్డుకొచ్చి నిరాశపడిన మనిషే దొంగ పడవ ఎక్కుతాడు. ఆ రోజు నేను ఎక్కబోయినట్టు.

కార్తీకంలో మళ్ళీ వెళ్ళాం. ఈసారి ముందు రోజు రాత్రే బ్యారేజీ అంకెలు చూశాను, పొద్దున్నే ఫోన్ చేసి కనుక్కున్నాను. నది నీలంగా, బుద్ధిగా ఉంది. బోటు ఎక్కగానే చిన్నూ లైఫ్ జాకెట్‌లో ఫొటో బాగా రాదని బెల్టు విప్పబోయాడు. పిన్ని కళ్ళెర్ర చేసింది, మళ్ళీ పెట్టుకున్నాడు. చెట్టు కింద దుప్పటి పరిచి క్యారియర్ విప్పాం. మూడున్నర అయ్యేసరికి ఆవిడ గిన్నెలు సర్దేసి లేచింది. "సూర్యాస్తమయం షాట్ తీసుకోవాలమ్మా" అని చిన్నూ గొడవ.

"ఒడ్డుకెళ్ళి తీసుకో. సూర్యుడు అక్కడ కూడా అదే" అంది.

ఫొటో బాగానే వచ్చింది. మా వెనకాల, దీవి మీద జెట్టీ దగ్గర క్యూ కూడా కనిపిస్తుంది అందులో.